ఆన్‌లైన్ రేటు, కేటలాగ్ రేటు, దుకాణం రేటు: ఒకే సామానుకు మూడు ధరలు ఎందుకు?



మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డో మిర్చో అమ్ముకున్న రైతు, చేతిలో పైసలున్నప్పుడే వ్యవసాయ సామాను కూడా కొనుక్కుని పోదామని మూసీ దాటి అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్, బేగంబజార్ వైపు పోవడం మనకు కొత్త కాదు. టార్పాలిన్లు, తాళ్లు, పైపులు, స్ప్రేయర్లు, పారలు, గొడ్డళ్లు అన్నీ ఒకదాని పక్కన ఒకటిగా దొరికే గల్లీలవి. కొత్తగా వచ్చిన మార్పు ఒకటే. ఇప్పుడు రైతు చేతిలో ఫోన్ ఉంది. దుకాణదారు ఒక రేటు చెబుతాడు, ఫోన్‌లో ఇంకో రేటు కనిపిస్తుంది, "ఇదిగో కంపెనీ రేటు" అని ఆయన తీసి చూపించే కేటలాగ్‌లో మూడో రేటు ఉంటుంది. "సార్, ఇందులో అసలు ధర ఏది? ఎవరు మోసం చేస్తున్నారు?" అని రైతు వేదికలో నన్ను అడిగేవాళ్లు చాలామంది.

చాలాసార్లు ఎవరూ మోసం చేయడం లేదు. మూడూ మూడు రకాల ధరలు, అంతే. కానీ ఆ తేడా తెలియని రైతు దగ్గర మాత్రం ముగ్గురిలో ఎవరైనా ఎక్కువ తీసుకోగలరు. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ముందు ఎంఆర్‌పీ సంగతి

ప్యాకెట్ మీద అచ్చువేసిన ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలుపుకుని వసూలు చేయగల గరిష్ఠ ధర. 2009 నాటి తూనికలు కొలతల చట్టం, దాని కింద వచ్చిన 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు ఈ విషయం చెబుతాయి. అది పైకప్పు లాంటిది. దానికి పైన అమ్మితే నేరం. దానికి కింద ఎంతకైనా అమ్ముకోవచ్చు. కాబట్టి ఒకే స్ప్రేయర్ ఆన్‌లైన్‌లో ఒక ధరకు, ఉస్మాన్‌గంజ్‌లో ఇంకో ధరకు, మీ మండల కేంద్రంలో మరో ధరకు అమ్మడం తప్పు కాదు. "ఆన్‌లైన్‌లో తక్కువుంది, నువ్వు కూడా అంతకే ఇవ్వాలి" అని దుకాణదారును చట్టం పేరుతో అడగలేం. బేరం మాత్రం చేయవచ్చు, చేయాలి కూడా.

"ఎంఆర్‌పీ మీద జీఎస్టీ ఎక్స్‌ట్రా" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎంఆర్‌పీలోనే జీఎస్టీ ఉంది. అలాగే పాత ధర కనిపించకుండా ఎక్కువ ధర స్టిక్కర్ అంటించి అమ్మకూడదు. ధర తగ్గించినప్పుడు స్టిక్కర్ వేయవచ్చు, అప్పుడు కూడా పాత ధర కనిపిస్తూ ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు కూడా ఎంఆర్‌పీ, తయారీదారు వివరాలు పేజీలో చూపించాలని 2018 జనవరి 1 నుంచి నిబంధన ఉంది.

ఇక్కడే ఒక మెలిక గమనించండి. ఫోన్‌లో పెద్ద ధర కొట్టేసి, పక్కన "60 శాతం తగ్గింపు" అని వేస్తారు. ఆ కొట్టేసిన ధరకు ఆ వస్తువును ఎక్కడా ఎవరూ కొని ఉండకపోవచ్చు. తగ్గింపు శాతం ఎంతన్నది వదిలేయండి, చివరికి మీరు కట్టేది ఎంతో అది చూడండి. దుకాణంలోనూ అంతే.

కేటలాగ్ రేటు ఎవరి కోసం?

పీవీసీ పైపులు, మోటార్లు, వాల్వులు, డ్రిప్ సామాను అమ్మే కంపెనీలు ఏటా ఒకటి రెండుసార్లు ధరల పట్టిక అచ్చువేస్తాయి. గంజ్‌లో దీన్ని "లిస్టు" అంటారు. లిస్టు రేటుకు ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. లిస్టు మీద ఎంత శాతం తీసేస్తారన్నదే అసలు బేరం. కంపెనీ డీలరుకు ఒక శాతం తగ్గిస్తుంది, డీలరు మేస్త్రీకి ఒక శాతం, ప్లంబర్‌కు ఒక శాతం, అడగని రైతుకు అన్నిటికన్నా తక్కువ శాతం తగ్గిస్తాడు.

రెండో మెలిక, చాలా లిస్టుల్లో జీఎస్టీ కలిపి ఉండదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని రాసి ఉంటుంది. ఒక లెక్క వేద్దాం. లిస్టు రేటు 1,000 రూపాయలు అనుకోండి. ఒక దుకాణదారు "30 శాతం తగ్గిస్తా, జీఎస్టీ వేరే" అన్నాడు. అంటే 700 మీద 18 శాతం, 826 రూపాయలు. పక్క దుకాణదారు "22 శాతమే తగ్గిస్తా, అన్నీ కలిపే" అన్నాడు. అది 780. చెవికి 30 శాతం బాగుంటుంది, జేబుకు 22 శాతం బాగుంటుంది. అందుకే శాతాల మాట పక్కన పెట్టి ఒక్కటే అడగండి: "జీఎస్టీ, ప్యాకింగ్, లోడింగ్ అన్నీ కలిపి బిల్లు మీద ఎంతవుతుంది?" ఆ అంకెను కాగితం మీద రాయించుకుని రెండో దుకాణానికి పోండి.

మూడోది తేదీ. లిస్టు మొదటి పేజీలో అది ఏ తేదీ నుంచి అమలవుతుందో ఉంటుంది. పైపుల ముడిసరుకు ధర పెరిగినా తగ్గినా లిస్టులు మారుతుంటాయి. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లు, డ్రిప్, స్ప్రింక్లర్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు అచ్చయిన కేటలాగ్‌లో పాత పన్నుతో ఉన్న ధర చూపించి అదే తీసుకుంటే మీకు నష్టం. పన్ను కాకుండా 20,000 అయ్యే డ్రిప్ సామాను పాత లెక్కలో 22,400, కొత్త లెక్కలో 21,000. తేడా 1,400. పురుగు మందులకు మాత్రం ఈ తగ్గింపు లేదు. రసాయన మందుల మీద 18 శాతమే ఉంది. కొన్ని జీవ పురుగు మందులు, సూక్ష్మ పోషకాల మీద తగ్గింది.

ఇంత చెప్పినా కేటలాగ్‌ను తీసి పారేయకండి. నా అనుభవంలో కేటలాగ్‌లో ధర కన్నా పనికొచ్చేది వెనక పేజీల్లోని పట్టిక. మోటారు ఎన్ని హెచ్‌పీ అన్నది ఒక్కటే చూసి కొంటారు మనవాళ్లు. అదే 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు పంపులో ఎన్ని స్టేజీలున్నాయి, ఎన్ని మీటర్ల లోతు నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుంది అనేది పట్టికలో ఉంటుంది. మీ బోరులో మోటారు ఎంత లోతున దించుతారో చెప్పి ఆ లోతుకు ఎదురుగా ఉన్న అంకె చదివించుకోండి. 2,000 రూపాయలు తక్కువకు దొరికిన పంపు మీ బోరు లోతుకు సగం నీళ్లే పోస్తే అది చవక కాదు. ఆన్‌లైన్ పేజీల్లో ఈ పట్టిక చాలాసార్లు ఉండదు. వైండింగ్ రాగిదా, అల్యూమినియందా అన్న విషయం కూడా అక్కడ రాయరు, మనం అడగము.

టార్పాలిన్: మూడు ధరలూ మోసం చేసే చోటు

వరి కోతలప్పుడు వడ్లు ఆరబోయడానికి, వాన వస్తే కుప్ప మీద కప్పడానికి ప్రతి ఇంటికీ కావాల్సింది టార్పాలిన్. ధరల తేడా ఎక్కువగా కనిపించేదీ, రైతు ఎక్కువగా మోసపోయేదీ ఇందులోనే. ఒకే కొలత అని చెప్పి ఒక చోట ధర ఇంకో చోటి ధరకు రెండింతలు ఉంటుంది. ఎందుకంటే కొలత ఒకటే, మందం వేరు.

మందాన్ని జీఎస్‌ఎంలో చెబుతారు. అంటే ఒక చదరపు మీటరు పరదా ఎన్ని గ్రాములు తూగుతుందో అది. 250 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు పావు కిలో. ఇది తెలిస్తే మోసం పట్టుకోవడానికి తక్కెడ చాలు. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న పరదా 48 చదరపు మీటర్లు. 250 జీఎస్‌ఎం అయితే దాదాపు 12 కిలోలు తూగాలి. 200 అయితే 9 కిలోల 600 గ్రాములు. అదే 120 అయితే 6 కిలోలు కూడా రాదు. అడుగుల్లో చెబితే 24 అడుగులు, 18 అడుగుల పరదా సుమారు 40 చదరపు మీటర్లు. 250 జీఎస్‌ఎం అయితే 10 కిలోలు ఉండాలి.

ఆన్‌లైన్‌లో పేరు పక్కన "250 జీఎస్‌ఎం, హెవీ డ్యూటీ" అని రాస్తారు. కింద వివరాల్లో బరువు 5 కిలోలని ఉంటుంది. రెండూ ఒకే పేజీలో ఉంటాయి, మనం పైది చదివి డబ్బు కడతాం. కొనే ముందు కింద బరువు చూసి పై లెక్క వేయండి. బరువు రాయకపోతే ఆ పరదా వదిలేయండి. గంజ్‌లో అయితే ఇంకా సులువు. "కాంటా మీద పెట్టు భాయ్" అనండి. మంచి దుకాణదారు పెడతాడు. పెట్టనివాడి దగ్గర నుంచి పక్క దుకాణానికి నాలుగు అడుగులే.

కొలత కూడా పొడవు వెడల్పులు పరిచి చూడండి. అంచులు మడిచి కుట్టక ముందు కొలతనే కొందరు చెబుతారు. రెండు వైపులా ఒక్కో అడుగు తగ్గితే 24, 18 కాస్తా 23, 17 అవుతుంది. 432 చదరపు అడుగులకు బదులు 391 మీ చేతికొస్తుంది. హెచ్‌డీపీఈ టార్పాలిన్‌కు ఐఎస్ 7903 అనే ప్రమాణం ఉంది. ఐఎస్‌ఐ గుర్తు కింద ఉన్న లైసెన్స్ నంబరును "బీఐఎస్ కేర్" అనే యాప్‌లో కొడితే ఆ గుర్తు నిజమైనదో కాదో తెలుస్తుంది. పీవీసీ పైపుకు ఐఎస్ 4985, సబ్‌మెర్సిబుల్ పంపుకు ఐఎస్ 8034 చూడాలి. కొనే ముందు రాయితీ మీద ఏవైనా ఇస్తున్నారేమో మీ ఏఈఓను ఒక మాట అడగండి.

ఆన్‌లైన్‌లో తక్కువ ఎందుకుంటుంది?

ఆన్‌లైన్ అమ్మకందారుకు గల్లీలో అద్దె లేదు, ఉద్దెర ఇవ్వడు, మీరు పది సామాన్లు తీయించి చూసి వెళ్లిపోయే బాధ లేదు. కానీ అతనికీ ఖర్చులున్నాయి. వెబ్‌సైట్‌కు కమీషన్, కొరియర్, తిరిగొచ్చే సరుకు నష్టం. తేలికైన చిన్న సామాను అక్కడ తక్కువకు రావడం, బరువైనది ఎక్కువ కావడం ఇందువల్లే. పైపుల కట్టలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను నేను చూడలేదు. స్ప్రేయర్ విడిభాగాలు, నాజిళ్లు, టార్చిలైట్లు మాత్రం చాలామంది తెప్పించుకుంటున్నారు, బాగానే ఉన్నాయి.

కొన్ని కంపెనీలు ఆన్‌లైన్ కోసమే వేరే మోడల్ తయారు చేస్తాయి. పేరులో ఒక అక్షరం తేడా ఉంటుంది, ఫొటో ఒకేలా ఉంటుంది. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ చూడండి. ట్యాంకు అంతే, రంగు అంతే. ఒకదానిలో 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీ, ఇంకోదానిలో 12 వోల్టుల 12 ఏహెచ్ బ్యాటరీ. రెండోది ఒక చార్జింగ్‌తో ఒకటిన్నర రెట్లు పనిచేస్తుంది. ఆ రెండింటి ధరలు పోల్చి దుకాణదారుతో గొడవ పడితే తప్పు మనదే. మోడల్ నంబరు అక్షరం అక్షరం కలిస్తేనే పోల్చండి.

నా విషయం చెబుతాను. ఊళ్లో మా మూడెకరాలకు ఒక బ్యాటరీ స్ప్రేయర్ నేనే ఆన్‌లైన్‌లో తెప్పించాను. దుకాణం కన్నా 400 రూపాయలు తక్కువ. పది మందికి సలహాలిచ్చేవాడిని, ఎవరు అమ్ముతున్నారో చూడలేదు. మూడు నెలలకు మోటారు ఆగిపోయింది. నగరంలో బాగుచేసే చోటికి తీసుకెళ్తే, "ఇది మా డీలరు దగ్గర కొన్నది కాదు, వారంటీ రాదు" అన్నారు. అమ్మినవాడిది ఎక్కడో వేరే రాష్ట్రం. మందు కొట్టాల్సిన వారంలో స్ప్రేయర్ లేక పక్కింటి వాళ్లది అడుక్కున్నాం. మోటారు మార్పించడానికి అయిన ఖర్చు, మిగిలిన 400 కన్నా ఎక్కువే. అప్పటి నుంచి మోటారు, బ్యాటరీ, ఇంజను ఉన్న ఏ సామానైనా బాగుచేసే మనిషి దగ్గర్లో ఉన్న చోటే కొంటున్నాను. పార, కొడవలి, పరదా, తాడు ఎక్కడ చవకైతే అక్కడ.

ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే "సోల్డ్ బై" అన్న చోట ఎవరి పేరుందో చూడండి. అమ్మకందారు పేరు, చిరునామా చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. లోపం ఉన్న సరుకును, పేజీలో చెప్పిన దానికి భిన్నంగా వచ్చిన సరుకును తిరిగి తీసుకోనని వాళ్లు అనకూడదు. డబ్బా విప్పేటప్పుడు పిల్లలతో ఫోన్‌లో వీడియో తీయించండి. పరదా అయితే ఆ వీడియోలోనే కాంటా మీద పెట్టండి.

ఊరి దుకాణం రేటులో ఉద్దెర దాగి ఉంటుంది

మండల కేంద్రంలో డీలరు రేటు గంజ్ రేటు కన్నా ఎక్కువని తిట్టుకుంటాం. పంట వచ్చాక కడతామని తెచ్చుకున్నప్పుడు ఆ ఎక్కువలో మిత్తి ఉంటుంది. నగదుకు 10,000 అయ్యే సామాను, నాలుగు నెలల ఉద్దెర మీద 11,200కు ఇచ్చాడనుకోండి. పైన పడ్డ 1,200 అంటే నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి. అదే బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణం సకాలంలో కడితే ఏడాదికి 4 శాతమే. కార్డు ఉండి కూడా ఉద్దెర తెచ్చుకుంటున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి ఇంట్లో కూర్చుని వేసుకోండి.

ఇంకోవైపు, 300 రూపాయలు మిగులుతాయని ఒక్క పరదా కోసం నగరానికి వస్తే బస్సు, ఆటో, చాయ్, ఒక రోజు కూలి అందులోనే పోతాయి. నలుగురు రైతులు కలిసి పది పరదాలు, నాలుగు కట్టల తాడు ఒకేసారి కొంటే హోల్‌సేల్ రేటు అడగవచ్చు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఇంట్లో అమ్మనో అక్కనో తీసుకెళ్లండి. బేరం కూడా మనకన్నా వాళ్లే బాగా చేస్తారు.

బేరం అక్కర్లేనివి, ఆన్‌లైన్ వద్దనుకునేవి

యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ఇది ప్రభుత్వం నిర్ణయించిన ధర. సబ్సిడీ ఎరువులు ఆధార్ వేసి పీఓఎస్ మిషన్ ద్వారానే అమ్మాలి. డీలరు దుకాణం ముందు స్టాకు, ధరల బోర్డు పెట్టాలి, బిల్లు ఇవ్వాలి. బీజీ-2 పత్తి విత్తనాల 475 గ్రాముల ప్యాకెట్‌కు 2025-26 గరిష్ఠ ధర 901 రూపాయలు. అంతకు ముందు ఏడాది 864. ఏ కంపెనీదైనా గరిష్ఠ ధర అదే. "డిమాండ్ ఉన్న రకం" అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

పురుగు మందులను లైసెన్స్ ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చని 2022 నవంబర్‌లో నిబంధన మార్చారు. అయినా మందు, విత్తనం మాత్రం మీ మండలంలో లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరే కొనమని నా సలహా. మందు పనిచేయకపోయినా, విత్తనం మొలవకపోయినా మా శాఖ వాళ్లు ఆ దుకాణానికి వెళ్లి అదే బ్యాచ్ నుంచి నమూనా తీయగలరు. కొరియర్‌లో వచ్చిన, మూత తీసిన సీసా పట్టుకొస్తే మేం చేయగలిగేది తక్కువ. 50 రూపాయల తేడా కోసం పంటను పణంగా పెట్టకండి.

బిల్లు, ఫిర్యాదు

గంజ్‌లో "కచ్చా చిట్టీ అయితే ఇంత, పక్కా బిల్లు అయితే ఇంత" అంటారు. మోటారు, స్ప్రేయర్ లాంటి వారంటీ సామానుకు కచ్చా చిట్టీ తీసుకుంటే వారంటీ వదులుకున్నట్టే. పక్కా బిల్లు మీద దుకాణం జీఎస్టీ నంబరు ఉండాలి. 15 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. తెలంగాణ దుకాణమైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తేదీ బిల్లు మీద రాయించుకోండి. తెల్లారే ఫొటో తీసి పెట్టుకోండి. అక్షరాలు వెలిసిపోయిన బిల్లులు నా దగ్గరికి చాలా వచ్చాయి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చట్టం నిర్ణయించిన ధర కన్నా, ప్యాకెట్ మీద ఉన్న ధర కన్నా, చట్ట ప్రకారం దుకాణంలో ప్రదర్శించిన పట్టిక ధర కన్నా, ఇద్దరూ ఒప్పుకున్న ధర కన్నా ఎక్కువ తీసుకుంటే ఫిర్యాదు చేయవచ్చు. చివరిది గుర్తుంచుకోండి. బేరమాడి 780 అని ఒప్పుకుని బిల్లులో 826 వేస్తే అదీ ఫిర్యాదుకు పనికొస్తుంది. కాగితం మీద రాయించుకోమన్నది అందుకే. దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా, అమ్మినవాడు వేరే రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

అంతదాకా పోకముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పంట, మందుల సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551. రెండూ ఉచితం. ఫోన్ చేసేటప్పుడు బిల్లు దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేది దాని మీది నంబరే. గంజ్‌కు వచ్చే ముందు వారం కూడా చూసుకోండి. ఆదివారం బేగంబజార్‌లో హోల్‌సేల్ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి.